నడికట్టుకు అడ్డంగా

మా ఆయన తేయిజి ఇంటికప్పు మీద మంచు తోస్తూ, ఆ మంచుతో పాటు తనూ కింద పడ్డ ఏడాది అది. ఫిబ్రవరి ఆఖరు. కుడికాలు రెండు చోట్ల విరిగింది. "పడిందే మూరెడు మంచు. ఎండకి అదే జారిపోయేది. దానికి పార పుచ్చుకుని ఎగేసుకుంటూ ఎక్కాడు మహానుభావుడు," అని మా అత్తగారు ఇసో ఆసుపత్రిలోనే నలుగురి ముందూ దులిపేసింది. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. నోటికి మాత్రం ఇరవై.

నిజంగానే ఆ చలికాలం మంచు అంతంతమాత్రం. ఆ సంగతి అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. పిండికట్టు కాలుతో ఇంటికొచ్చిన మా ఆయన దిగులంతా కాలు గురించి కాదు, గోడకి వేలాడుతున్న సంచి గురించి. ముతక గుడ్డ సంచి. జేగురు పొడి మోసీ మోసీ దాని పోగు పోగూ ఎర్రబడిపోయింది.

మే మొదటి ఆదివారం ఒబిదాకే కొండ తెరుస్తారు. పట్నం నుంచి రైళ్ళలో, బస్సుల్లో ఐదారు వందల మంది వస్తారు. పొద్దున్న ఎక్కి, శిఖరం మీద అన్నం ముద్దలు తిని, సాయంత్రానికి దిగిపోతారు. అప్పటికి కొండ మీద మంచంతా కరిగి, భుజం నుంచి పాదం దాకా ఒక్క తెల్లటి పట్టీ మిగులుతుంది. దాన్ని నడికట్టు అంటాం, ఒబి అంటే అదే, కొండకి పేరొచ్చింది దాని వల్లే. తెరిచే ముందురోజు ఆ నడికట్టు నడిమధ్యన జేగురుతో ఒక గీత వెయ్యాలి. పొగమంచు కమ్మినా ఆ ఎర్రగీత పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ పోవచ్చు. మూడు తరాలుగా ఆ గీత మా మురోటా ఇంటి మగవాళ్ళు వేస్తున్నారు. అందుకు బదులుగా దారి మొదటి మెట్టు ఎదురుగా మా టీకొట్టు పెట్టుకోనిచ్చారు. సంచి ఏ ఇంట్లో ఉంటే ఆ చోటు ఆ ఇంటిది. సంచి పోతే చోటూ పోతుంది. కొండ సంఘం రూలు అది.

మార్చి ఆఖర్లో సంఘం కూర్చుంది. మగవాళ్ళంతా బల్ల చుట్టూ, టీ పోస్తూ నేను, గుమ్మం పక్కన మా అత్తగారు.

"ఈ ఏడు గీత సంగతేంటి?" అన్నాడు ప్రెసిడెంటు ఇవాఫుజి. కింద వేడినీటి సత్రం ఆయనదే. మెల్లగా మాట్లాడ్డం ఆయనకి చేతకాదు. "తేయిజి కాలు చూస్తే అలా ఉంది. కొండ తెరవడం ఇది యాభయ్యో ఏడు, టీవీ వాళ్ళొస్తున్నారు. స్కీ మైదానం వాళ్ళకి చెప్పేద్దాం. ఏమంటారు?"

"నేనేస్తాను," అన్నాను.

కూజా నా చేతిలోనే ఉంది. అందరూ ముందు కూజాని చూశారు, తర్వాత నన్ను చూశారు, తర్వాత నవ్వారు.

"కినుయో, నువ్వు టీ పొయ్యమ్మా ముందు."

"పోశాను, తాగారు. ఇప్పుడు వినండి. ఇరవై రెండేళ్ళ నుంచి ఆయన వెనకాల సంచి మోస్తున్నది నేను. ఆయన చెయ్యి చల్లుతుంది, మీరంతా కింద నుంచి ఆ చేతినే చూస్తారు. భుజం ఎవరిదో ఎప్పుడైనా చూశారా?"

"అది కాదమ్మా, ఆడమనిషి వేసిన గీత మీద జనం..." అని మూల నుంచి ఎవరో మొదలుపెట్టారు.

"ఆ మాట పూర్తి చెయ్యరా, విందాం," అంది మా అత్తగారు గుమ్మం దగ్గర నుంచి. ఆవిడ ఒకప్పుడు ఈ లోయ మొత్తానికి మంత్రసాని. "ఈ గదిలో సగం మందికి బొడ్డు కోసింది నేనే. అప్పుడెవరూ మగమనిషిని పిలవమని ఏడవలేదు."

 ఇవాఫుజి గొంతు సవరించుకున్నాడు.

"సరే. కానీ ఒక మాట. గీత ఎప్పటిలాగే నడికట్టు మధ్యన, తిన్నగా భుజం దాకా పోవాలి. టీవీలో కనబడేట్టు మందంగా ఉండాలి. జెండా నేనే పట్టుకుంటా. గీత వంకర పోయిందా, సంచి తెచ్చి ఈ బల్ల మీద పెట్టాలి."

"పెడతాను," అన్నాను. ఆయన కప్పు మళ్ళీ నింపాను.

జెండా అంటే, మంచు మీద ఉన్నవాడికి తన గీత వంకరో తిన్ననో తెలీదు. అందుకని కింద మా కొట్టు అరుగు మీద ఒకాయన దుర్భిణి పెట్టుకుని జెండాతో నిలబడతాడు. జెండా కుడికి వంగితే కుడికి జరగాలి, ఎడమకి వంగితే ఎడమకి. మూడు తరాల్లో జెండా మాట కాదన్న మనిషి లేడు.

ఇంట్లో మా ఆయన మండిపడ్డాడు.

"నన్నడక్కుండా ఎలా చెప్పావ్?"

"అడిగితే వద్దంటారు. అందుకే అడగలేదు."

"నవ్వులపాలు చేస్తావు నన్ను."

"కప్పు మీంచి పడ్డప్పుడే ఊరంతా నవ్వేసింది లెండి. ఇంక నవ్వడానికేం మిగల్లేదు."

ఏప్రిల్ నాలుగో వారం ఒక్కదాన్నే పైకెళ్ళాను. బూట్లకి ఇనుప పళ్ళ పట్టీలు కట్టుకుని, చేతిలో పొడుగాటి వెదురుగడ పట్టుకుని. కింద ఫుకి మొగ్గలు, పచ్చడికి పనికొచ్చే చేదు మొగ్గలు, అప్పుడే మంచుని తోసుకుని లేస్తున్నాయి. నడికట్టు మీద గడ గుచ్చుకుంటూ ఎక్కాను. దాని అంచున మూడు బండలుంటాయి, మా కొలత అవే. మొదటి బండ దాకా గట్టిగా ఉంది. రెండో బండ దగ్గర కూడా ఫర్వాలేదు. మూడో బండ దాటి ఆరడుగులు వేశానో లేదో, గడ చేతిలోంచి లాక్కున్నట్టు సర్రున దిగిపోయింది. మూరెడు మంచు, దాని కింద ఖాళీ. వెనక్కి జరిగి, గట్టి మంచు మీద బోర్లా పడుకుని చెవి ఆనించాను. పక్కగదిలో ఎవరో బియ్యం కడుగుతున్న చప్పుడు. వాగు. ప్రతి ఏడూ దాని మీద మూడు నిలువుల మంచు ఉంటుంది కాబట్టి ఆ చప్పుడు మేమెప్పుడూ వినలేదు. ఐదారు వందల మంది అడుగులు పడాల్సింది ఇదే చోట.

మా ఆయనకి చెప్పాను. ఆయన పిండికట్టు అంచున కాలు గోక్కున్నాడు.

"మా నాన్న అక్కడే వేశాడు. నేనూ అక్కడే వేశాను."

"అప్పుడు మంచుంది. ఇప్పుడు లేదు."

"పల్చగా చల్లు. గొడవ పెట్టుకోకు."

పల్చగా అనడానికి కారణం ఉంది. ఎర్రటిది ఎండని తాగుతుంది. ఉప్పు చల్లినట్టు చల్లితే గీత. గుప్పెళ్ళతో పోస్తే రెండు రోజుల్లో మంచుని తినేసి కాలవ చేస్తుంది. ఇది మా ఇంటివాళ్ళకి తెలుసు, దూరం నుంచి చూసి మురిసేవాళ్ళకి తెలీదు. ఆ సాయంత్రమే ఇవాఫుజి మనిషి మూడు బస్తాల జేగురు దింపి పోయాడు. మామూలుగా వాడేది ఒక్కటి.

మర్నాడు సత్రానికెళ్ళాను. ఇవాఫుజి పోస్టర్ల కట్టలు విప్పిస్తున్నాడు. నీలం ఆకాశం, తెల్లటి నడికట్టు, మధ్యన ఎర్రగీత. మిఠాయి పెట్టెల మీద అదే బొమ్మ, తువ్వాళ్ళ మీద అదే.

"మూడో బండ పైన గుల్లగా ఉంది ప్రెసిడెంటుగారూ. వాగు చప్పుడు వినబడుతోంది. గీత ఎడమ గట్టు మీదికి తిప్పాలి. నలభై నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే."

"వసంతకాలంలో ఎక్కడ చెవి పెట్టినా నీళ్ళ చప్పుడే వస్తుందమ్మా. మా స్నానాలగదిలో కూడా వస్తుంది," అని నవ్వాడు. కట్టలు విప్పుతున్నవాళ్ళూ నవ్వారు. "ఇదిగో, అచ్చయిపోయాయి. గీత ఎక్కడుందో చూడు. అక్కడే ఉండాలి."

"కొండ పోస్టరు చూసి కరుగుతుందా?"

నవ్వు ఆగిపోయింది. "సంచి సంగతి గుర్తుపెట్టుకో," అన్నాడు.

వస్తూ దారిపొడుగునా నాలో నేను తిట్టుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదాల్సిన పని నాకేంటి, వేసేసి చేతులు దులుపుకుంటే కొట్టు నిలుస్తుంది కదా అనిపించింది కూడా. అబద్ధం ఎందుకు, ఇంటి మలుపు దాకా అలాగే అనుకున్నాను. మలుపు దగ్గర మా అత్తగారు ఫుకి మొగ్గలు ఏరుతోంది. నా ముఖం చూసి, "రేపు రెండు బస్తాలు మూడో బండ దాకా మొయ్యాలేమో కదా. పొద్దున్నే లే," అంది. ఆవిడకి ఎలా తెలిసిందో నాకిప్పటికీ తెలీదు.

శుక్రవారం రెండు విడతలుగా రెండు బస్తాలు మూడో బండ పక్కన చేర్చాను. శనివారం పొద్దున్న మూడోదాన్ని ఎర్రసంచిలో పోసుకుని భుజానికి తగిలించుకున్నాను. కొట్టు అరుగు మీద ఊరంతా ఉంది. ఇవాఫుజి కొత్త చొక్కా వేసుకుని జెండాతో నిలబడ్డాడు. మా ఆయన చంకకర్రల మీద ఒక పక్కకి నిలబడి నేల చూస్తున్నాడు.

మొదటి బండ దాకా గీత వేశాను. ఉప్పులా, పల్చగా. వెనక్కి తిరిగి చూస్తే జెండా తిన్నగా ఉంది. రెండో బండకి కొంచెం కుడికి వంగింది, జరిగాను. మూడో బండ దగ్గర ఆగాను. ఎండ నెత్తి మీదకొచ్చింది. పైన నడికట్టు ఏ మచ్చా లేకుండా తళతళలాడుతోంది. చూస్తే ఎవరికైనా నడవాలనిపిస్తుంది.

నేను ఎడమకి తిరిగాను.

పది అడుగులేసి గట్టు మీదికి, భూర్జ చెట్ల మొదళ్ళ దగ్గరికి గీత లాగాక వెనక్కి చూశాను. జెండా కుడికి వంగి ఉంది. ఇంకో పది అడుగులు. జెండా కుడికి, కుడికి, కుడికి, ఈగలు తోలుతున్నట్టు ఊగుతోంది. ఈల వినబడింది. ఆ తర్వాత లోయలో బస్సుల కోసం పెట్టిన మైకులోంచి నా పేరు. "కినుయో! కుడికి రా! కుడికి!" కొండంతా నా పేరే మోగింది. పెళ్ళయినప్పటి నుంచి ఈ ఊళ్ళో ఎవరూ నన్నంత గట్టిగా పిలవలేదు. అరవండి, ఇంకా గట్టిగా అరవండి, రేపు మీ గొంతులు పోతే మా కొట్లో అల్లం టీ కాచిపోస్తాను అనుకున్నాను. ఇక వెనక్కి చూడలేదు. పొట్టి వెదుళ్ళు తోసుకుంటూ, మంచున్న చోటల్లా చల్లుకుంటూ, గట్టు వెంట భుజం దాకా గీత తీసుకుపోయాను.

అక్కడితో దిగిపోవచ్చు. కానీ నడికట్టు అంత అందంగా పిలుస్తుంటే జనం చుట్టుదారిన ఎందుకు పోతారు? మూడో బండ దగ్గరికి తిరిగొచ్చి రెండు బస్తాలూ విప్పాను. మా దగ్గర అడ్డగీత అంటే ఒకటే అర్థం, దాటకూడదని. గట్టి మంచు మీద నిలబడి, గుల్ల మొదలయ్యే చోటికి గుప్పెళ్ళతో విసిరాను. నడికట్టు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, మందంగా, మూరెడు వెడల్పున. ఒక్క పలుకు మిగల్చలేదు. బస్తాలు దులిపి మరీ వేశాను. కింద మైకు ఆగిపోయింది.

దిగొచ్చేసరికి అరుగు మీద ఎవరూ లేరు. మా ఆయన ఒక్కడే గుమ్మంలో ఉన్నాడు. ఖాళీ సంచి నా భుజం మీంచి లాక్కుని లోపలికి పోయాడు. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. ఈయనే తీసుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పెట్టేస్తాడనుకున్నాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇవాఫుజి ఇద్దర్ని వెంటేసుకుని వచ్చాడు. మా ఆయన గోడకానుకుని కూర్చున్నాడు. పిండికట్టు కాలు ఎర్రసంచి మీద పెట్టుకుని ఉన్నాడు. లోపల పాత దుప్పట్లేవో కుక్కినట్టున్నాడు, సంచి పొట్ట ఉబ్బి ఉంది.

"తేయిజీ, సంచి ఇచ్చెయ్యి."

"డాక్టరు కాలు ఎత్తులో పెట్టుకోమన్నాడండీ."

"దిండు పెట్టుకోవయ్యా."

"దిండు అణిగిపోతోంది. ఇది సరిగ్గా కుదిరింది."

"ఎప్పటిదాకా?"

"ఎముక అతుక్కునేదాకా. నా వయసుకి అది తొందరగా అతుక్కోదట."

ఇవాఫుజి ఆ కాలు వంక చూశాడు. విరిగిన కాలుని ఎత్తి పక్కన పెట్టడం ఎవరి వల్ల అవుతుంది? మా అత్తగారు ముగ్గురి ముందూ ఫుకి మొగ్గల పచ్చడి, వేడన్నం పెట్టింది. "తినండి, చేదుగా ఉంటుంది, ఒంటికి మంచిది," అంది. వాళ్ళు తినలేదు. ఇవాఫుజి లేస్తూ, "రేపు నేనే నడికట్టు మీంచి నడిపిస్తాను జనాన్ని," అని పోయాడు.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన అడిగాడు. "ఎన్నడుగులకి గుల్ల?"

"ఆరు."

"జెండా అలా ఊపుతుంటే నేనైతే తిరిగొచ్చేసేవాణ్ణి," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు.  ఆయనకి అన్నం పెట్టాను, పచ్చడి రెండుసార్లు వేశాను.

ఆదివారం తెల్లారే సరికి నేను మూడో బండ మీదున్నాను. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అడ్డగీత జానెడు లోతుకి దిగిపోయి కాలవలా ఉంది. జనం బారులు తీరి వచ్చారు. "ఎడమకి వెళ్ళండి, ఎడమకి," అంటూ చెప్పాను. చాలామంది వెళ్ళారు. కొందరు గొణిగారు. ఒక పెద్దాయన పోస్టరు తీసి చూపించి, "ఇందులో ఇలా లేదే!" అన్నాడు. "పోస్టరు ఎక్కడానికి మీరు ఇంత దూరం రానక్కర్లేదు కదండీ," అన్నాను. ఆయన వెనకాల ఆడవాళ్ళ గుంపు పకపకా నవ్వి గట్టెక్కింది.

పది గంటలకి ఇవాఫుజి వచ్చాడు, కెమెరా వాళ్ళని తీసుకుని. చేతిలో ఆయన పేరున్న కర్ర. ఎక్కిన పాతిక కొండల మీదా ముద్రలు కాల్పించుకున్నది, ఇత్తడి పొన్ను వేయించుకున్నది. సంఘం వాళ్ళు, పట్నం జనం ఓ యాభై మంది వెనకాల.

"పక్కకి జరుగు."

"జరిగాను. గీత అదిగో. దాటితే దాటండి." కెమెరా అతనివైపు తిరిగాను. "బాబూ, సరిగ్గా పెట్టు. ప్రెసిడెంటుగారు దాటేది ఊరంతా చూడాలి."

ఆయన ముఖం కందగడ్డయింది. ఎర్రగీత ఇవతల నిలబడి, దాటడానికి ఊతంగా కర్రని అవతల పెట్టాడు. బరువు ఆనించాడో లేదో, కర్ర పోయింది. విరగలేదు, జారలేదు, నిలువునా లోపలికి పోయింది. పొన్ను, ముద్రలు, పిడికి కట్టిన గంట, అన్నీ. ఆయన చెయ్యి మాత్రం గాల్లో మిగిలింది. అందరం చెవులు రిక్కించాం. అది అడుగుకి తగిలిన చప్పుడు రాలేదు. బియ్యం కడిగే చప్పుడు వచ్చింది.

"సార్, ఇంకోసారి చేస్తారా? సరిగ్గా పడలేదు," అన్నాడు కెమెరా అతను.

ఇవాఫుజి ఒక అడుగు వెనక్కి వేశాడు. చాచిన చెయ్యి మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత జనం వైపు తిరిగి, మొదటిసారి మామూలు గొంతుతో, "ఎడమకి రండి. అందరూ ఎడమ గట్టు మీంచి రండి," అన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి మూడో బండ పైన నడికట్టు కూలింది. పెద్ద బస్తా దించినట్టు ఒక్క చప్పుడు. మా వంటింటంత నల్లటి నోరు తెరుచుకుంది. గట్టు మీద దిగొస్తున్న వందల మంది ఆగి చూశారు. ఆ నోట్లో ఒక్క మనిషి లేడు. నేను బండ మీద కూలబడి, ఎవరేమనుకుంటే నాకేమని, గట్టిగా ఏడ్చాను.

సాయంత్రం కొట్టు ముందు ఇవాఫుజి ఆగాడు. "నువ్వు పోసిన ఎరుపే దాన్ని తినేసింది. లేకపోతే నిలిచేది," అన్నాడు.

"అది మీరు పంపిన ఎరుపే. మందంగా వెయ్యమన్నారు, వేశాను. మీరు నిలువుగా వెయ్యమన్నారు, నేను అడ్డంగా వేశాను. అంతే తేడా. నిలువుగా వేసుంటే ఆ నోట్లో ఎవరుండేవాళ్ళో మీరే చెప్పండి."

ఆయన సత్రం దారి పట్టాడు. సంచి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

జూన్ మధ్యలో కొండ మీద దారి పొడుగునా పాతిన గుర్తుజెండాలు ఏరుకురావడానికి వెళ్ళాం. మా ఆయన కాలు అతుక్కుంది, కొంచెం కుంటుతున్నాడు. గుమ్మం దగ్గర నేను అలవాటుగా సంచి కోసం చెయ్యి చాపితే అది అప్పటికే ఆయన భుజానికుంది. "ముందు నడు," అన్నాడు. దారిలో నాలుగుసార్లు "ఇంకెంత దూరం?" అని అడిగాడు. ఇరవై రెండేళ్ళు అదే ప్రశ్న నేనడిగితే ఆయన చెప్పిన జవాబే నేనూ చెప్పాను. "మాటలాపి నడవండి."

మూడో బండ కింద వాగు ఒడ్డున, రాళ్ళ మధ్య ఇరుక్కుని ఇవాఫుజి కర్ర దొరికింది. గంటతో సహా.

"గుట్టుగా ఇచ్చేద్దాం. పెద్దమనిషి," అన్నాడు మా ఆయన.

"ఇచ్చేస్తాను. వచ్చి అడగమనండి."

కొట్లో, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడేట్టు, ఎర్రసంచి పక్కనే మేకు కొట్టి కర్రని తగిలించాను. ఎవరిదని అడిగితే మా అత్తగారు, "అడిగినవాళ్ళది," అంటుంది. ఇవాఫుజి రోజూ టీకి వస్తాడు. ఆ గోడకి వీపు పెట్టి కూర్చుని తాగి వెళ్ళిపోతాడు. ఇంకా అడగలేదు.